ఏడో ప్రెస్సు దగ్గర పుల్ల

ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె జోరీగే. చెవి దగ్గర చేరి ఒకటే రొద పెడుతుందని ఇప్పటి మేనేజరు, అప్పట్లో ప్రెస్సుల సెక్షన్ సూపర్‌వైజరు, ఒకరోజు విసుక్కుని అన్న మాట అది. ఆ మాట నలుగురి నోళ్లలో నాని, హాజరు పట్టీలో తప్ప అసలు పేరు మరెక్కడా కనపడకుండా పోయింది. ఆమె దానికేమీ నొచ్చుకోలేదు.

భోజనాల గది గోడ మీద ఆమె ఫొటో ఉంది. మూడేళ్లుగా ఈ ఫ్యాక్టరీలో ఒక్క వేలు కూడా తెగలేదని, అదంతా ఆమె చలవేనని కింద రాశారు. చదివినవాళ్లు ఎంత మంచి మనసో అనుకుంటారు. మంచి మనసూ లేదు, మట్టీ లేదు. ఆమెకున్నది పగ. పదకొండేళ్లు సన్నసెగ మీద మరిగించిన పగ. దాన్ని దయ అనుకుని దండ వేస్తే ఆమె నోరు మూసుకుని వేయించుకుంది, అంతే.

అసలు సంగతి ఏడో ప్రెస్సు దగ్గర మొదలైంది. ప్రెస్సు అంటే పెద్ద చిక్కు యంత్రం కాదు. కింద అచ్చు మీద రేకు పెడితే పైనుంచి బరువైన దిమ్మె దిగి, ఒక్క దెబ్బతో కావలసిన ఆకారం కొట్టేస్తుంది. కుడివైపు ఒక బటన్, ఎడమవైపు ఒక బటన్. రెండూ నొక్కితేనే దిమ్మె దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే అచ్చులో చెయ్యి ఉండదు కదా అని ఎవరో బుద్ధిమంతుడు అలా తయారుచేశాడు.

ఆ బుద్ధిమంతుడి బుద్ధికి మన సూపర్‌వైజరు దగ్గర విరుగుడుంది. చెక్కపెట్టె నుంచి చిన్న పుల్ల చీల్చి ఎడమ బటన్ సందులో దూరిస్తే, అది నొక్కిన బటన్ నొక్కినట్టే ఉండిపోతుంది. ఇక ఎడమచేత్తో రేకు పెట్టుకుంటూ కుడి బొటనవేలితో కొట్టుకుంటూ పోవచ్చు. గంటకు నూట ఇరవై బదులు రెండొందలు పడతాయి. రోజూ పొద్దున్నే పేనాకత్తితో పుల్లలు తనే చీల్చి, చొక్కా జేబులో వేసుకొచ్చి, మనిషికొకటి పంచేవాడు. వద్దన్నవాణ్ణి చేతకానివాడంటూ తుడిచే పనికి పంపేవాడు.

ఏడో ప్రెస్సు మీద పనిచేసే ఆమె తమ్ముడిది ఎడమచేతివాటం. తినడం, రాయడం, బంతి విసరడం అన్నీ ఆ చేత్తోనే. టీ గంట కొట్టడానికి పది నిమిషాల ముందు ఆ చేతికి నాలుగు వేళ్లు పోయాయి, బొటనవేలొక్కటే మిగిలింది. ఆమె అప్పుడు కడుగుడు సెక్షన్‌కి ట్రే మోసుకెళ్తూ పదడుగుల దూరంలో ఉంది. అరుపు విని వెనక్కి తిరిగేసరికి సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు ముందు బటన్ దగ్గరికి చెయ్యి పోనిచ్చి, పుల్ల పీకి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే మనిషిని పట్టుకున్నాడు.

ముందు పుల్ల, తర్వాత మనిషి. ఆ వరసను ఆమె మరిచిపోలేదు.

విచారణకు వచ్చినవాళ్లతో ఆమె ఈ మాటే చెప్పింది. "సొంత అక్క కదండీ, అలాగే అంటుంది పాపం" అన్నాడు సూపర్‌వైజరు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని. నిచ్చెన మీద దీపం మారుస్తున్న ఎలక్ట్రీషియన్ అంతా చూశాడు. అడిగితే, దీపం వంకే చూస్తున్నానన్నాడు. మిగతావాళ్లు కుక్కిన పేనుల్లా ఉండిపోయారు. రిపోర్టులో కారణం అన్న చోట రెండు మాటలు పడ్డాయి: కార్మికుడి అజాగ్రత్త.

తమ్ముడికి గేటు దగ్గర వచ్చే బండ్ల నంబర్లు రాసే పని ఇచ్చారు. కుడిచేత్తో రాయడం నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. మేనేజరైపోయిన ఆ మనిషి కారు లోపలికి వస్తుంటే, వాడు ఎడమచెయ్యి జేబులో దాచుకుని కుడిచేత్తో సలాం కొట్టేవాడు. ఏళ్ల తరబడి రోజూ అది చూస్తూనే ఆమె లోపలికి వెళ్లేది.

వేళ్లు పోవడంకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. రిపోర్టులోని మాటను వాడు నమ్మేశాడు.

"పుల్ల అందరి బటన్‌కీ ఉందక్కా. చెయ్యి మాత్రం నాదొక్కడిదే పోయింది. మరి తప్పు నాది కాకపోతే ఎవరిది?" అనేవాడు. ఇంట్లో అమ్మ కూడా అంతే. వాడు నీళ్లగ్లాసు అందుకున్నా సరే, "చూసుకుని పట్టుకో నాన్నా, నీకసలే పరధ్యానం" అనేది. ప్రేమగానే అనేది. వాడు తలదించుకునేవాడు. ఆ రెండు మాటలూ వాడి మీద నుంచి తీసి, వాటిని అంటించినవాడి చేతనే రాతపూర్వకంగా తీయించకపోతే తన బతుకెందుకని ఆమె అనుకుంది.

మొదట్లో ఆమె కోరుకున్నది అంత మర్యాదైన సంగతేమీ కాదు. ఆ మనిషి చెయ్యి కూడా ఏడో ప్రెస్సు కింద పడాలనుకుంది. ట్రేలు మోస్తూ, గిన్నెలు తోముకుంటూ ఆ ముచ్చటే తలుచుకునేది. అంత పాపం తలుచుకోవచ్చా అంటే, తలుచుకుంది మరి.

ఇంతలో సరుకు కొనే పెద్ద కంపెనీవాళ్లు ఒక షరతు పెట్టారు. ప్రతి వారం పనిచోట ప్రమాదం తగ్గించే మార్పు ఒక్కటైనా చేసి చూపాలి, ఎంత చిన్నదైనా పర్లేదు, ఆగకూడదు. మేనేజరు నవ్వి, ఆ మార్పులు పెట్టడానికి గోడకో బోర్డు కొట్టించి, "ఆ జోరీగకే ఇవ్వండి. రొదేదో అక్కడే పెట్టుకుంటుంది" అన్నాడు. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

ఆమె మొదటి వారం చేయించింది నేలమీద నూనె కారేచోట ఒక రేకు పళ్లెం. రెండో వారం బండ్లు తిరిగే మూలలో ఒక అద్దం. తర్వాత తుక్కు డబ్బాలకు మోకాలి ఎత్తు బల్లలు. ఆ తర్వాత అచ్చు మార్చేటప్పుడు పై దిమ్మె జారి పడకుండా అడ్డుపెట్టే ఇనప మొద్దు. ఆ మొద్దును వాడటానికి యంత్రం పక్కనున్న గూటి నుంచి తీస్తే చాలు, యంత్రానికి కరెంటే ఆగిపోయేలా కట్టించింది. ఎవరికీ పెద్ద పని అనిపించలేదు, ఎవరూ అడ్డు చెప్పలేదు. చాప కింద నీరులా వారానికొకటి చొప్పున మూడేళ్లు నడిచింది. ప్రతి మార్పు కింద మేనేజరు సంతకం ఉండేది. శుక్రవారం సాయంత్రం కాగితాల కట్ట ముందు పెడితే, ఒక్కటీ చదవకుండా గీకి పారేసేవాడు.

అలా గీకిన వాటిలో రెండు కాగితాల మీదే ఆమె కన్నుంది.

ఒకటి బటన్ల సంగతి. రిటైరు కాబోతున్న ఆ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి, "బాబాయ్, ఆ రోజు దీపం బాగానే వెలిగిందా?" అని అడిగింది. వారం తిరిగేలోగా ఏడో ప్రెస్సుకు కరెంటును అదుపుచేసే కొత్త రిలే పెట్టాడు. ఇప్పుడు ప్రతి దెబ్బకూ రెండు బటన్లూ వదిలి, మళ్లీ రెండూ ఒకేసారి నొక్కాలి. పుల్ల పెడితే దిమ్మె కదలదు. ఏడోదాని తర్వాత మిగతా ప్రెస్సులన్నిటికీ పెట్టాడు.

రెండోది తప్పిన గండం కార్డు. దెబ్బ తగలకపోయినా తగలబోయి తప్పితే, తప్పినవాళ్లే తమ చేత్తో కార్డు రాయాలి. గోటితో పోయేది గొడ్డలిదాకా రాకుండా అన్నమాట. రాసేదాకా ఆ యంత్రానికి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి బోర్డు చూసే మనిషి దగ్గర, అంటే ఆమె దగ్గరే ఉంటుంది. కారణం అన్న చోట అజాగ్రత్త, పరధ్యానం, నిర్లక్ష్యం లాంటి మాటలు చెల్లవు. ఎందుకు అని అయిదుసార్లు అడిగి, అయిదు జవాబులూ రాయాలి. ఆఖరి గడిలో, ఇదే కారణంతో ఇదే యంత్రం మీద ఇంతకు ముందు ఎవరికి ఏం జరిగిందో రాయాలి.

ఒక మధ్యాహ్నం, గేటు బయట లారీ హారన్ కొడుతుంటే, ఆఖరి రెండొందల ముక్కల కోసం మేనేజరు కిందికి దిగొచ్చాడు. ఏడో ప్రెస్సు మీదున్న మనిషిని లేపేశాడు.

"నీది నత్తనడకయ్యా. లే, చూసి నేర్చుకో" అన్నాడు.

పక్కనున్న చెక్కపెట్టె నుంచి పేనాకత్తితో పుల్ల చీల్చాడు. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి చీల్చడం మరిచిపోలేదు. ఎడమ బటన్‌లో దూర్చి, రేకు పెట్టి, కుడి బొటనవేలితో నొక్కాడు. దిమ్మె దిగలేదు. రేకు సరిగ్గా కూర్చోలేదేమో అనుకుని ఎడమచెయ్యి లోపలికి పెట్టి సర్దసాగాడు. కుడి బొటనవేలు మాత్రం పాత అలవాటు కొద్దీ బటన్‌ను ఒకటి, రెండు, మూడుసార్లు నొక్కుతూనే ఉంది.

చుట్టూ ఉన్నవాళ్లు చేతిలో పని వదిలేసి దగ్గరికొచ్చారు. పాత ప్రెస్సే అయితే మొదటి నొక్కుకే పని అయిపోయేది. మేనేజరుకే అది కాస్త ఆలస్యంగా తెలిసింది. చెయ్యి వెనక్కి లాక్కుని, వేళ్ల వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

జోరీగ ఎర్ర బటన్ నొక్కి, తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. ఒక్క క్షణం ఆమెకు కడుపు మండింది. తలుచుకున్న ముచ్చట కళ్లముందుకొచ్చి, తను పెట్టించిన రిలే వల్లే చేజారిపోయింది. ఆ మండిపాటు దాచుకోవాల్సిన పనేమీ లేదు. తర్వాత బోర్డు మీంచి ఖాళీ కార్డు తీసింది.

"ఏం కాలేదుగా, పనులు చూసుకోండి" అన్నాడు మేనేజరు.

"ఏం కాలేదు కాబట్టే కార్డు సార్. అయ్యుంటే రిపోర్టు రాసేవాళ్లు."

"లారీ వెళ్లాక రాస్తాలే."

"కార్డు రాశాకే తాళం సార్. తాళం తీశాకే లారీ."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

ఆమె కార్డు వెనక్కి తిప్పింది. వెనక ఆ రూలు అచ్చేసి ఉంది, అడుగున ఆయన సంతకమే ఉంది. తేలు కుట్టిన దొంగలా పెన్ను అందుకున్నాడు. కారణం అన్న చోట 'పరధ్యానం' అని రాశాడు.

"ఆ మాట చెల్లదు సార్. కొట్టేయండి. లోపల చెయ్యి ఎందుకు పెట్టారు?"

"రేకు సర్దడానికి."

"రాయండి. ఆ చెయ్యి బటన్ మీద ఎందుకు లేదు?"

"పుల్ల పెట్టాను కాబట్టి."

"రాయండి. పుల్ల ఎందుకు పెట్టారు?"

"ముక్కలు తొందరగా పడాలని."

"రాయండి. అలా పడతాయని మీకెలా తెలుసు?"

ఆయన తలెత్తి చూశాడు. సెక్షన్ అంతా అక్కడే ఉంది. పుల్లలు పుచ్చుకున్న పాతవాళ్లూ ఉన్నారు, రిలే పెట్టిన ఎలక్ట్రీషియనూ ఉన్నాడు. బయట హారన్ ఆగకుండా మోగుతోంది.

"అప్పట్లో అందరికీ నేనే ఇచ్చేవాణ్ణి."

"అదే రాయండి సార్. ఎందుకు ఇచ్చేవారు?"

"వేళ్లకన్నా ముక్కల లెక్కే చూశాను" అని, రాయమనకుండానే రాశాడు. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. "అది ఎప్పుడో మూసేసిన కేసు కదమ్మా" అన్నాడు, మొదటిసారి గొంతు తగ్గించి.

"గడి ఖాళీగా ఉంటే తాళం రాదు సార్. ముందు దేని మీద చెయ్యి వేశారో అది కూడా రాయాలి. మీకు గుర్తులేకపోతే నేను చెప్తాను. నాకు బాగా గుర్తుంది."

"నాకూ గుర్తుంది" అన్నాడు ఎలక్ట్రీషియన్ వెనక నుంచి. పదకొండేళ్లు ఆలస్యంగానైనా అన్నాడు.

మేనేజరు రాశాడు. ఆమె తాళం తీసింది, లారీ వెళ్లింది. కార్డు బోర్డు మీదికి ఎక్కింది. ఇంకొక ప్రతి విచారణ ఆఫీసుకు పోయి, పాత రిపోర్టుకు జతపడింది.

ఆ సాయంత్రం మూడో ప్రతి ఇంటికి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. వాడు నిలబడే చదివాడు. మళ్లీ కూర్చుని చదివాడు. అమ్మకు కూడా పైకి చదివి వినిపించాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. టీ గ్లాసు వాడి ముందు పెట్టింది, చూసుకుని పట్టుకోమని మాత్రం అనలేదు.

"ఆయన వేళ్లు పదీ ఉన్నాయా అక్కా?" అన్నాడు వాడు.

"ఉన్నాయిరా. నా ఖర్మ."

"ఉండనీ. కాగితం పట్టుకోవడానికి పనికొస్తాయి." వాడు తెల్లకాగితం తీసుకుని, కుడిచేతి వంకర అక్షరాలతో ఆ వారం మార్పు రాశాడు: కొత్తవాళ్లు చేరిన రోజున, ఏడో ప్రెస్సు కార్డును రాసినవారే స్వయంగా చదివి వినిపించాలి.

శుక్రవారం కట్టలో అదీ ఉంది. ఈసారి మేనేజరు ప్రతి కాగితమూ చదివాడు. ఆ కాగితాన్ని పక్కన పడేస్తే కొనే కంపెనీవాళ్లు ఎందుకని అడుగుతారని, అదీ అయిదుసార్లు అడుగుతారని ఆయనకు తెలుసు. సంతకం పెట్టాడు.

సోమవారం పొద్దున కారు గేటులోకి వచ్చింది. తమ్ముడు లేవలేదు, రెండు చేతులూ బల్లమీదే ఉంచి బండి నంబరు రాసుకున్నాడు. ఎనిమిదింటికి ఏడో ప్రెస్సు ముందు ఆరుగురు కొత్తవాళ్లు నిలబడ్డారు. మేనేజరు కార్డు పట్టుకుని గబగబా చదివేసి, మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"ఒక లైను వదిలేశారు సార్" అంది జోరీగ ఆయన వెనక నుంచి. "ముందు పుల్ల తీశాను, తర్వాత మనిషిని పట్టుకున్నాను అన్నది. మళ్లీ మొదటి నుంచి చదవండి."