ఏం కూర అన్నడు?

మొన్న మా చిన్నల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చి, కంచం ముందు కూడా లాప్‌టాప్ వదలలేదు. వాళ్ల ఆఫీసులో సర్వర్‌కూ, ఫైళ్లు దాచే పెట్టెకూ మధ్య దారి ఒకటి పడిపోయిందట. కాసేపు టకటకలాడించి, "అయిపోయింది మామయ్యా, పచ్చలైటు వచ్చింది" అని మూత వేశాడు. "అవతలి పెట్టె ఏమన్నది?" అన్నాను. ముసలాయనకు పప్పన్నం తలకెక్కిందనుకున్నాడు కాబోలు, నవ్వి ఊరుకున్నాడు. తప్పు అతనిది కాదు. అతనికి మా బావ తెలియడు.

మా అక్క భర్త జహీరాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్‌మన్. ఏడో తరగతి నన్ను రెండుసార్లు వద్దనడంతో నేను బడి మానేసి, పాతికేళ్లు వచ్చేదాకా ఊరంతా తిరిగి, చివరికి ఆయన దగ్గరే పనికి చేరాను. డెబ్బైల చివరి సంగతి. చుట్టుపక్కల ఊళ్లకు మాట పోవాలన్నా రావాలన్నా స్తంభాల మీది తీగలే దారులు. చెరకు కోతలొచ్చాయంటే లారీలవాళ్లు ఆకాశానికి తగిలేలా గడలు వేసుకొని పోయేవాళ్లు, మాకు తెగిన తీగలతోనే కాపురం. అతుకు వేశాక బావ స్తంభం మీదే టెస్టు ఫోన్ తగిలించి, అవతలివాళ్లను ఒకే మాట అడిగేవాడు: "ఏం కూర వండిన్రు?" జవాబు వస్తేనే దిగేవాడు. "ఊరూరి కూరలు తెల్సుకొని హోటల్ పెడ్తవా బావా?" అని నేను ఆటపట్టిస్తే, "హలో అంటే హలో అనుడు అందరికి అలవాటే బామ్మర్ది. మన మాట ఆడికి పోయిందో లేదో కూర చెప్తది" అనేవాడు తాపీగా. పప్పు అన్నవాళ్లను మాత్రం నమ్మేవాడు కాదు. ఆ జవాబు ఏ ప్రశ్నకైనా సరిపోతుందని ఆయన అనుమానం. వాళ్లకు రెండో ప్రశ్న పడేది.

ఆ కోతల్లోనే ఒకసారి మొగుడంపల్లి తీగ తెగింది. అక్కడి పోస్టుమాస్టరు కూతురు కానుపుకు పుట్టింట్లో ఉంది. మొదటి కానుపు కష్టమైంది కనుక ఈసారి నొప్పులు మొదలవగానే జీపు పిలవమని జహీరాబాద్ దవాఖాన డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పిలవడానికి ఆ ఊళ్లో ఉన్నది పోస్టాఫీసు ఫోన్ ఒక్కటే. బావకు జ్వరం. "కూర అడుగుడు మర్చిపోకు" అని నన్ను పంపాడు. మధ్యాహ్నానికి తీగ అతికించి, స్తంభమెక్కి ఫోన్ తిప్పాను. పోస్టుమాస్టరు గొంతు గంటలా వినబడింది. "హలో! హలో! ఎవరు?" "నేనే సార్, లైన్ బాగైంది." "హలో! హలో!" ఈయనకు ఎన్నిసార్లు హలో అన్నా తనివి తీరదనుకొని, నవ్వుకుంటూ దిగి చాయ్ తాగడానికి పోయాను.

తీగతోపాటు ఆయన ఫోన్‌లో చెవి దగ్గరి బిళ్ల కూడా చెడిందని నాకేం తెలుసు! మర్నాడు పొద్దున నొప్పులొచ్చాయి. ఆయన ఫోన్ తిప్పి జీపు పంపమన్నాడు. ఎక్స్ఛేంజిలో విన్నారు, దవాఖానకు చెప్పారు, "వస్తున్నది సార్" అని ఆయనకూ చెప్పారు. ఆ మాట ఆయనకు అందలేదు. ఫోన్ చచ్చిందనుకొని, కూతుర్ని ఎడ్లబండి ఎక్కించి పొలాల అడ్డదారిన బయలుదేరాడు. జీపు రోడ్డు మీదుగా వెళ్లి, తాళం వేసిన ఇంటి ముందు ఆగింది. పిల్లాడు దారిలోనే, అల్లం చేను గట్టున పుట్టాడు. తల్లికి చాలా రక్తం పోయింది. రెండు రోజులపాటు డాక్టరమ్మ కూడా ఏ మాటా ఖాయంగా చెప్పలేదు.

సంగతి తెలిసి బావ జ్వరంతోనే, దుప్పటి కప్పుకొని ఎక్స్ఛేంజికి వచ్చాడు. తిట్టలేదు. అందరి ముందూ ఒక్కటే అడిగాడు: "ఏం కూర అన్నడు?" ఎప్పుడూ జవాబు జేబులో వేసుకొని తిరిగే నేను, "అడగలే బావా" అన్నాను.

మూడో రోజు తల్లికి గండం గడిచింది. వాళ్లు ఇల్లు చేరాక నేనే వెళ్లి కొత్త బిళ్ల బిగించి, తలెత్తకుండా తిరిగొచ్చి, ఎక్స్ఛేంజిలో బావ పక్కన నిలబడి ఫోన్ తిప్పాను. "ఏం కూర వండిన్రు సార్?" అవతలి నుంచి పోస్టుమాస్టరు, "బాలింతున్న ఇల్లు. ఎల్లిపాయ కారం. ఇంకేం గావాలె నీకు?" అని ఠక్కున పెట్టేశాడు. బావ తల ఊపి, దుప్పటి సర్దుకొని ఇంటికి పోయాడు.

ఆ ప్రశ్నకు పట్టేది అర నిమిషం. దాన్ని మిగుల్చుకొని ఆ రోజు తాగిన చాయ్ రుచి ఎంత తలచుకున్నా గుర్తు రాదు. ఆ అర నిమిషం మాత్రం నలభై ఏళ్లు దాటినా ఖర్చు కాకుండా నా దగ్గరే ఉంది.