తేనెపిట్ట పలికిందా?

ఈ పొద్దున పెరట్లో మునగచెట్టు మీద తేనెపిట్ట కనిపించింది. బొటనవేలంత పిట్ట. ముక్కు తెరుస్తోంది, గొంతు కింద ఈకలు వణుకుతున్నాయి. నాకు మాత్రం ఏమీ వినిపించలేదు. గిన్నెలు కడుగుతున్న నా భార్య లక్ష్మి, "పొద్దటి సంది ఒకటే మొత్తుకుంటున్నది" అంది. ఎవరని అడిగాను. "పిట్టనయ్యా! చెవిటోని ముంగట శంఖమూదినట్లున్నది నా బతుకు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చేతిలో చాయ్ చల్లారిపోతుంటే దానియేలు కాక గుర్తుకొచ్చాడు.

గోదావరిఖనిలో నేను బొగ్గుబాయిలో చేరిన కొత్తలో ఆయనే మా సర్దార్. లోపల బొగ్గును పేల్చిన ప్రతిసారీ మా పదకొండు మందికన్నా ముందు వెళ్లి, పైకప్పు నిలుస్తుందో కూలుతుందో తేల్చడం ఆయన పని. అందుకు ఆయన దగ్గరున్న సరంజామా అంతా ఇనుప పొన్ను వేసిన వెదురుకర్ర, రెండు చెవులు. కర్రతో కప్పును తట్టి నన్ను వినమనేవాడు. "ఇత్తడి బిందె లెక్క మోగితే ఉంటది. పగిలిన కుండ లెక్క పలికితే ఉరుకుడే. కండ్లు మోసం జేస్తయ్ బిడ్డా, సప్పుడు చెయ్యదు." ఒకసారి నాకు కప్పు చక్కగానే మోగినట్టు అనిపించింది. కాక మాత్రం తల అడ్డంగా ఊపి అందరినీ వెనక్కి తోలాడు. కాసేపటికి మంచమంత పెళ్ల ఊడి, మేం నిలబడిన చోటే పడింది. ఆనాటి నుంచి ఆయన రమ్మంటే తప్ప నేను ముందుకు అడుగు వేయలేదు.

ఆదివారం తెల్లవారగానే నన్ను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కేవాడు. మా దగ్గర దేవుడు పెట్టిన గుట్టలు కొన్నైతే, ఓపెన్‌కాస్టు గనుల్లో తవ్విన మట్టి పోసి మేం లేపినవి కొన్ని. పాతబడిన మట్టిగుట్టల మీద చెట్లు పెరిగి పిట్టలు చేరాయి. తర్వాత ప్రార్థనకు పోవాలి కనుక కాక ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలోనే వచ్చేవాడు. సెలవునాడు పండుకోక ఈ పిట్టల సోకేందని గొణిగితే ఒకరోజు అసలు సంగతి చెప్పాడు. "మిషన్ల మోతకు మన చెవులు ఎన్నడన్న పోయేటియే. ముందుగాల సన్న సప్పుడు పోతదట, దవాఖానల చెప్పిన్రు. తేనెపిట్ట ఇనవడ్డన్ని దినాలు బాయిల దిగుత. ఇనవడనినాడు దిగ. నువ్వే నాకు సాక్ష్యం."

శివరాత్రి దాటి మోదుగులు విరగబూసిన కాలం. ఆ పొద్దు జెముడుకాకిని, గువ్వను, కౌజును కూత విని నాకన్నా ముందే చెప్పేశాడు. తర్వాత మోదుగుకొమ్మ మీద తేనెపిట్ట వాలి సూదిలాంటి గొంతుతో పలికింది. కాక నా వైపు చూసి, "పలికిందా?" అన్నాడు. అవునంటే ఆయన సర్దార్‌గిరీ పోతుంది. ఆయన లేని బాయిలో దిగే ధైర్యం నాకు లేదు, నిజం చెప్పాలంటే అదే పెద్ద భయం. "లేదు కాక, ఊకెనే కూసున్నది" అన్నాను. మరుసటి ఆదివారమూ అదే మాట అన్నాను. ఆ రెండు వారాలూ ఆయన కర్రతో కప్పును తట్టి రమ్మంటే మేం పదకొండు మందిమీ వెళ్లాం.

మూడో ఆదివారం ఆయన నన్ను అడగలేదు. చేతికందే కొమ్మ మీదున్న పిట్టకేసి చాలాసేపు చూశాడు. "ముక్కు తెరుస్తున్నది, గొంతు ఆడుతున్నది. పలుకుతనే ఉన్నది గదనే?" అన్నాడు. "నా మీద పాయిరంతోని అబద్ధమాడినవ్, తెలుసు. గని ఆ కప్పుకు పాయిరం ఉంటదా కొమురా? పదకొండు ఇండ్లు!" ఆయన నా మీద గొంతు పెంచడం అదొక్కసారే. సిగ్గుతో చచ్చిపోయాను. గుట్ట దిగి ఆయన ప్రార్థనకు వెళ్లాడు. సోమవారం తనంతట తానే మేనేజరుకు కాగితం ఇచ్చాడు.

ఆ తర్వాత బాయి మీద లైట్ల రూములో కూర్చుని మాకు టోపీ లైట్లు అందించేవాడు. ముసలోడు సుఖం మరిగి చెవుడు నటిస్తున్నాడని కొందరు ఎకసెక్కాలాడారు. వినబడలేదో, వినదలుచుకోలేదో, నవ్వి ఊరుకున్నాడు. నేను సర్దార్ పరీక్ష పాసైననాడు లైటుతో పాటు తన వెదురుకర్ర కూడా నా చేతిలో పెట్టాడు. తెలంగాణ వచ్చిన ఏడే పోయాడు.

రేపు పొద్దటి షిఫ్టుకు సర్దార్‌గా నేనే దిగాలి. లక్ష్మిని మునగచెట్టు కిందికి పిలిచి, "ఇప్పుడు పలుకుతున్నదా? నిజం జెప్పు" అన్నాను. కాక కథ ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను. నా మొహం చూడగానే ఆమె నవ్వు ఆగిపోయింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుని కొమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది.

"లేదయ్యా" అంది మెల్లగా, "పలుకుతలేదు."

పిట్ట గొంతు ఇంకా వణుకుతూనే ఉంది. లోపలికి వెళ్లి తెల్లకాగితం తీసుకుని, మేనేజరు గారికి అని రాయడం మొదలుపెట్టాను.