ఆఖరి పేజీలో టికెట్టు

బస్సు కండక్టరుగా రిటైరైన తాతయ్య ఒంటరిగా ఉంటాడంటే నమ్మబుద్ధికాదు. కుర్చీలో, మంచంమీద, చివరికి బియ్యం డబ్బామీద కూడా పుస్తకాలే కూర్చుని ఉంటాయి. పొద్దున్నే టీ పెట్టుకుని, వేలు తడిచేసుకుని, టికెట్టు చింపేంత శ్రద్ధగా పేజీ తిప్పుతాడు. కానీ ఏ పుస్తకమూ పూర్తి చేయడు. ఆఖరి పేజీ రాగానే పాత టికెట్టొకటి దూర్చి మూసేస్తాడు. వేసవి సెలవులకొచ్చిన మనవరాలు ఊరుకుంటుందా? ఒకటి తెరిచి, కూడబలుక్కుంటూ ఆ పేజీ పైకి చదివేసింది. తాతయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. ఆమె రెండోది అందుకోగానే లాగేసుకున్నాడు.

"చాల్లేవే! అన్నీ ఇప్పుడే చదివేస్తే మళ్ళీ దేనికొస్తావు?"

"ఇంకా ఎన్నున్నాయేంటి?"

"నలభై రెండు."

"ఏడాదికొకటి చదివితే, అయ్యేసరికి నీకు నూటపన్నెండేళ్ళు తాతయ్యా!"

"నువ్వు వస్తూ ఉండు. ఏళ్ళ సంగతి నేను చూసుకుంటా."