జింకల పార్కుల నేను పడ్డ ముచ్చట

విడాకులైనంక పిల్లలు ఆదివారం ఒక్కరోజే నా దగ్గరుంటరు. ఇయ్యాల ఇద్దర్ని వనస్థలిపురం జింకల పార్కుకు తోలుకపోయిన. జింక ఒక్కటి గూడ కనవడలే. మట్టిబాటల నాలుగేండ్ల చిన్నోడు బోర్లపడి ఏడ్చిండు. “నా కొడుకునే పడేస్తవా?” అని నేలను రెండు దెబ్బలు కొట్టిన. ఏడుపు బంద్.

జర దూరం పోయినంక రాయి తట్టుకుని నేనే పడ్డ. పక్కన పోయేటోళ్లు నవ్విండ్రు. చిన్నోడు మాత్రం కూసొని రెండు చేతులతోని నేలను బాదుతుండు. “మా నాన్ననే పడేస్తవా?”

“సాలు బిడ్డా, నాకేం కాలే.”

“నువ్వు ఊకో నాన్నా. దానికి బుద్ధి రావాలె.”

పొద్దుమూకంగ పిల్లలను మూసారాంబాగ్‌ల వాళ్లమ్మ దగ్గర దింపి, ఎల్‌బీ నగర్‌ల నా రూముకొచ్చిన. మోకాలికి పసుపు పెట్టుకుంటున్న. ఇన్నేండ్లల్ల నా దిక్కుండి ఇంత గట్టిగ ఎవ్వరు కొట్లాడలే.

మీకోసం నేలను కొట్టేటోళ్లు ఎవరన్న ఉన్నరా?