మెయిల్ మాస్టారికి పక్కడ్యూటీ

ఆ రోజుల్లో జబ్బంటే ఒంటికి వచ్చేదే. జ్వరమో, దగ్గో, కడుపునొప్పో. వాటన్నిటికీ మా బిలాస్‌పూర్ రైల్వే ఆస్పత్రిలో ఒకటే మందు, ఎర్రటి నీళ్లు, సీసాకు మోతాదు గాట్లున్న కాగితం అంటించి ఇచ్చేవారు. మనసుకు కూడా జబ్బు చేస్తుందనీ, అప్పుడూ పక్కన ఒక మనిషి ఉండాలనీ మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు బడుల్లో దాని గురించి పెద్దవాళ్లు వచ్చి ఉపన్యాసాలు ఇస్తున్నారు. మా మనవరాలి బడిలోనూ మొన్న ఒకాయన పిల్లలకూ పంతుళ్లకూ కలిపి ఇచ్చాడట. ("ఏం చెప్పారే?" అని అడిగితే "సమోసా ఇచ్చారు" అంది.) నాకు మాత్రం ఆ మాట వింటే మా మెయిల్ మాస్టారూ, ఆయనను బాగుచేయడానికి నడుం కట్టిన మా అయిదో క్లాసు దండూ గుర్తుకొస్తారు. నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే కళ్లు చెమరుస్తాయి.

మాస్టారిని అసలు పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. ఆయన క్లాసులోకి మెయిలు బండి స్టేషనుకు వచ్చినట్టు వచ్చేవారు. ముందు కేక, తరవాత మనిషి. విజయనగరం అవతల ఏదో ఊరి నుంచి వచ్చి, లోకో షెడ్డులో పనిచేసే మా తెలుగువాళ్ల పిల్లలకు నాలుగు అక్షరమ్ముక్కలు అబ్బించాలని ప్రాణం పెట్టేవారు. మేమేమో ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పాలమనిషితో ఛత్తీస్‌గఢీ, ఏదీ తిన్నగా రాని బాపతు. ఎక్కం తప్పితే బెత్తం, గుణింతం తప్పితే చెవి. ఆయన భార్యను మేష్టరమ్మ అనేవాళ్లం. బడి వెనకే వాళ్ల క్వార్టరు. దెబ్బలు తిన్న పిల్లలను ఆవిడ పెరటి గుమ్మం దగ్గరకు పిలిచి, వాచిన అరచేతిలో బెల్లం ముక్క పెట్టేది. (కొందరికి ఎక్కాలు ఎప్పటికీ రాకపోవడానికి ఈ బెల్లమే కారణమని నా అనుమానం. బొగ్గు అని మేం పిలిచే డ్రైవరుగారబ్బాయి ఆ లెక్కన చాలా బెల్లం తిన్నాడు.)

ఆ ఏడు వానాకాలంలో కాలనీకి విషజ్వరం వచ్చింది. మేష్టరమ్మను తీసుకుపోయింది. ఆ రోజుల్లోనే మా తమ్ముణ్ణి కూడా. వాడికింకా బడి ఈడు రాలేదు. వాడి చొక్కాలు అమ్మ ఎక్కడ పెట్టిందో తెలియదు, వాడి పేరు మా ఇంట్లో మళ్లీ వినబడలేదు. నేను ఒకసారి ఎత్తబోతే మామ్మ నా నోటి మీద చెయ్యి వేసి, "అమ్మ ఇంటాది, ఊరుకోవే" అంది. ఊరుకున్నాను. పెద్దవాళ్లు అమ్మకు తోడుగా కూర్చున్నారు, నాన్నకు తోడుగా కూర్చున్నారు. వాడి అక్కకు కూడా దుఃఖం ఉంటుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. అన్నం ఎందుకు దిగడం లేదో తెలియక ఎర్రమందు తాగాను.

మాస్టారు కర్మలు చేసుకుని గుండుతో తిరిగి వచ్చారు. కేక రాలేదు, మనిషి మాత్రమే వచ్చారు. కుర్చీలో కూర్చుని కిటికీలోంచి షెడ్డు పొగ చూస్తూ ఉండిపోయారు. మొదట్లో మాకది పండగే. "అచ్ఛా! ఇంక దెబ్బల్లేవొలే" అని బొగ్గు చేతులు రుద్దుకున్నాడు. కానీ ఆ పండగ నిలవలేదు. ఒకరోజు బొగ్గు లేచి, ఏడు మూళ్లు అరవై అన్నాడు. మాస్టారు "ఊఁ" అన్నారు. క్లాసంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అప్పుడు వాడు బెత్తం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, చెయ్యి చాపి, "మాస్టారూ, నాను తప్పు సెప్పేను. మీరు ఇన్లేదేటో" అన్నాడు. మాస్టారు వాడి చెయ్యి మెల్లగా కిందికి దించి, "పరవాలేదు, కూర్చో బాబూ" అన్నారు. ఆయన నోట 'బాబూ' అన్న మాట మేం ఎన్నడూ ఎరగం. వెనక బెంచీలో ఒక పిల్ల భయంతో ఏడుపు అందుకుంది.

ఆ తరవాత తన్నులు తినడానికి మేం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. నల్లబల్ల మీద మీసాలు గీశాం, సిరా ఒలకబోశాం, మేకను క్లాసులోకి తోలాం. మేకను కూడా మాస్టారు ఏమీ అనలేదు. హెడ్‌మాస్టరుగారు మా గేటు దగ్గర నాన్నతో చెప్పడం నేను విన్నాను. దసరా సెలవుల దాకా చూస్తారట, అప్పటికీ ఇలాగే ఉంటే ఆయనను ఊరు పంపించేస్తారట. రాత్రి అన్నాల దగ్గర నాన్న, "అక్కడ ఆయనకి ఎవులున్నారని? ఇక్కడినించి పంపీస్తే ఆ మనిషి ఇంక మిగల్డు" అన్నాడు. మిగలకపోవడం అంటే ఏమిటో ఆ వానాకాలం నాకు బాగా నేర్పింది. తెల్లారగానే పరిగెత్తి బొగ్గుకు చెప్పాను.

బొగ్గు వెంటనే ఉపాయం చెప్పాడు. మా షెడ్డువాళ్లలో ఒక ఆనవాయితీ ఉండేది. ఏ డ్రైవరు ఇంజను కిందనైనా మనిషి పడితే, తప్పు తనది కాకపోయినా, బండి దిగాక ఆ డ్రైవరును కొన్నాళ్లు ఒంటరిగా వదిలేవారు కారు. డ్యూటీ లేని వాళ్లు వంతులవారీగా వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చునేవారు. చుట్ట కాల్చుకుంటూ ఉల్లిపాయల ధర గురించో, తడిసిన బొగ్గు గురించో మాట్లాడాలి. జరిగినదాని ఊసు మాత్రం చచ్చినా ఎత్తకూడదు. దీన్ని పక్కడ్యూటీ అనేవారు. చకర్‌భాటా దగ్గర ఒక ముసలాయన పట్టాల మీదికి వచ్చినప్పుడు బొగ్గు వాళ్ల నాన్నకు ఇలాగే చేశారు. "మాస్టారికీ అదే సేద్దాం. మేష్టరమ్మ ఊసెత్తినోళ్ల పళ్లు రాలగొడతాను" అని బొగ్గు చట్టం చేశాడు.

సాయంత్రాలు డ్యూటీ మొదలైంది. షెడ్డు కాల్‌బాయ్ డ్రైవర్ల ఇళ్లకు వెళ్లి పిలిచినట్టు, బొగ్గు మా ఇళ్లకు వచ్చి ఎవరి వంతో వాళ్లను కేకేసేవాడు. మొదట వెళ్లినవాడు పెద్దవాళ్లలా గొంతు సవరించుకుని, "ఉల్లిపాయలు మండిపోతన్నాయి మాస్టారూ" అన్నాడట. మాస్టారు "అవునా" అన్నారట. దాంతో వాడి సరుకు అయిపోయి, చీకటిపడేదాకా బిగుసుకుని కూర్చున్నాడు. ఇంకొకడు అరుగు మీదే నిద్రపోతే మాస్టారే భుజాన వేసుకుని ఇంటికి చేర్చారు. వరసగా ప్రతివాడూ వచ్చి ఉల్లిపాయల ధరే చెబుతుంటే ఆయన ఏమనుకున్నారో పాపం. (ఒకనాడు మా నాన్నను ఆపి, "కాలనీలో ఉల్లిపాయలకు అంత ఇబ్బందిగా ఉందా?" అని అడిగారట.)

నా వంతు వచ్చింది. మామ్మ దిబ్బరొట్టె చేసి ఇచ్చింది. వెళ్లేసరికి పొయ్యి చల్లగా ఉంది, మాస్టారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. వాన గురించి చెప్పాను, ఉల్లిపాయల గురించి చెప్పాను. ఇంకేం చెప్పాలా అని చూస్తుంటే అలమరలో బెల్లం డబ్బా కనబడింది, దాని నిండా చీమలు. నోరు జారింది. "సీమలు పట్టీసేయి మాస్టారూ. మేష్టరమ్మగారు డబ్బాని నీళ్ల పళ్లెంలో ఎట్టేవోరు కదా."

ఆయన తల తిప్పి చూశారు. "నీకెలా తెలుసు?"

పళ్లు ఎలాగూ రాలతాయి కదా అనిపించింది. "మీరు కొట్టిన్రోజున మాకు ఇచ్చేవోరు. ఆయన కేకలకి బయపడకండర్రా, ఇంట్లో బల్లిని సూసి మంచం ఎక్కీస్తారు అని సెప్పేవోరు."

మాస్టారు నవ్వారు. అది నవ్వేననుకున్నాను. మరుక్షణం అది నవ్వు కాకుండా పోయింది. ఎన్నాళ్లుగానో వినబడని ఆ పెద్ద గొంతు ఒక్కసారిగా ఏడుపై బయటికి వచ్చింది. పక్క క్వార్టర్ల వాళ్లు బయటికి వచ్చి చూశారు. నేను రొట్టె అక్కడే వదిలేసి పరుగు.

మర్నాడు క్లాసులో కుర్చీ ఖాళీ. బొగ్గు నా మీద విరుచుకుపడ్డాడు. "ఊసెత్తొద్దని సెప్పేనా లేదా? ఇప్పుడు ఆయన ఊరెలిపోడానికి రాయపూర్ బండెక్కీసుంటారు. నువ్వే పంపీసేవు." తమ్ముడి ఊసెత్తితే అమ్మకు ఏమవుతుందని భయపడి నోరు మూసుకున్నానో, అదే మాస్టారికి చేసేశాననుకున్నాను. క్లాసంతా క్వార్టరుకు పరిగెత్తాం. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మాస్టారు చాప మీద పడి నిద్రపోతున్నారు. గురక మాత్రం అచ్చంగా మెయిలు బండిదే. పక్కన దిబ్బరొట్టె గిన్నె ఖాళీగా ఉంది.

రైల్వే పిల్లలకు అమ్మ ఒడిలోనే నేర్పే నీతి ఒకటుంది. డ్యూటీ దిగి పడుకున్న మనిషిని లేపకూడదు. వీధిలో బొంగరం ఆడినా ఆ ఇంటి ముందు ఆడకూడదు. అంచేత అయిదో క్లాసంతా చడీచప్పుడూ లేకుండా అరుగు మీదా మెట్ల మీదా వాకిట్లోనూ సర్దుకుని కూర్చున్నాం. మమ్మల్ని వెతుక్కుంటూ హెడ్‌మాస్టరుగారు గొడుగు ఊపుకుంటూ వచ్చి "యే క్యా హై?" అని మొదలుపెట్టారు. అందరం ఒక్కసారే మూతి మీద వేలు పెట్టుకున్నాం. బొగ్గు దగ్గరకు వెళ్లి, "డ్యూటీ దిగి పడుకున్నారు సార్, లేపకూడదు" అని హిందీలో గుసగుసలాడాడు. హెడ్‌మాస్టరుగారూ గార్డు కొడుకేనట. గొడుగు నెమ్మదిగా ముడిచి, గురక కాసేపు విని, వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఊరు పంపించే మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

మధ్యాహ్నం దాటాక మాస్టారు లేచి వచ్చారు. "ఏటర్రా, బడి ఇక్కడికి ఎప్పుడు మార్చేరు?" అన్నారు. మొహం కడుక్కుని నన్ను పిలిచారు. "నిన్న సగంలో పారిపోయేవేటే? మిగతాది సెప్పు." నేను చెప్పాను. నన్ను తోసుకుంటూ బొగ్గు చెప్పాడు. అందరి దగ్గరా ఆవిడ ఏదో ఒకటి మిగిలి ఉంది. మాస్టారు వింటూ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు, వద్దని మాత్రం అనలేదు. చివరికి నా వైపు తిరిగి, "మీ ఇంట్లోనూ పోయేడు కదే, మీ బుజ్జోడు. ఏటి సేసేవోడు వాడు?" అని అడిగారు.

ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆయన. మా తమ్ముడు గూడ్సు బండి వెళ్తుంటే గార్డుకు చెయ్యి ఊపేవాడనీ, గార్డు తిరిగి ఊపకపోతే అలిగి అన్నం మానేసేవాడనీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఎక్కిళ్లు పట్టేదాకా ఏడ్చాను. బొగ్గు ఏం చేయాలో తెలియక తన మసి చొక్కా కొస అందించాడు. (దాంతో తుడుచుకున్నాక నా మొహం ఇంజను దిగిన వాళ్ల నాన్న మొహంలా నల్లగా అయిందని తరవాత చెప్పారు.) ఆ ధైర్యంతోనే ఇంటికి వెళ్లి అమ్మ దగ్గర తమ్ముడి పేరు ఎత్తాను. మామ్మ చెయ్యి నా నోటి మీదికి లేచింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, "ఊపకపోతే ఆ పూట బువ్వ ముట్టీవోడు కాడు ఎదవ" అని నవ్వింది. తరవాత నన్ను దగ్గరకు లాక్కుంది. ఇద్దరం అలా ఎంతసేపు ఏడ్చామో నాకు తెలియదు.

మాస్టారు ఊరు వెళ్లలేదు. బెత్తం మళ్లీ పట్టారు, కేక మాత్రం మునుపటిలా ఎప్పుడూ రాలేదు. ప్యాసింజరు మాస్టారని పేరు మారుద్దామని బొగ్గు అంటే ఎవరూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు మా ఇంటి మేడ మీద నుంచి పట్టాలు కనబడతాయి. గూడ్సు బండి వెళ్తే నేను లేచి చెయ్యి ఊపుతాను. గార్డు చూసి ఊపితే సరే. చూడకుండా వెళ్లిపోయాడా, ఆ పూట నాకు అన్నం సయించదు. "ఈ వయసులో ఇదేం అలక అత్తయ్యా" అని మా కోడలు కంచం పట్టుకుని వెనక తిరుగుతుంది. నాకూ నవ్వొస్తుంది. అయినా ఇంకో బండి వచ్చేదాకా కంచం ముట్టను.