నూనె డబ్బా మీద గీత

మా ఆయన నూనె డబ్బా మీద గీత గీయడం నేను కళ్ళారా చూశాను. పొద్దున్నే జిమ్ముకు బయల్దేరే ముందు వంటింట్లోకి వచ్చాడు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాననుకున్నాడు. తెల్లటి ప్లాస్టిక్ డబ్బాను కిటికీ వెలుతురుకు పట్టి, నూనె ఎంతవరకు ఉందో అంతవరకు నల్ల పెన్నుతో గీత పెట్టి, ఏమీ ఎరగనట్టు చెప్పులేసుకుని పోయాడు. నా చేతి వంట తిని పెరిగిందే ఆయన పొట్ట. దాన్ని కరిగించే పని మొదలయ్యేసరికి ఇంట్లో మొదటి దొంగను నేనే అయ్యాను.

మాది కదిరిలో శనక్కాయల వ్యాపారం. చుట్టుపక్కల పల్లెల్లో వానకు పండిన కాయ కొని నూనె మిల్లులకు పంపుతాడు. కాలేయానికి కొవ్వు పట్టింది, పొట్ట తగ్గించుకోమని డాక్టరు చెప్పాడు. అంతవరకు నాకూ సమ్మతమే. కానీ జిమ్ములో చేరాక పొట్ట తగ్గితే చాలదన్నాడు, దాని మీద పలకలు తేలాలన్నాడు. సిక్స్ ప్యాక్ అట. నలభై దాటిన మనిషి, గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని తిరిగే మనిషి, ఆ పలకలు ఎవరికి చూపించాలని? నాకు ఒళ్ళు మండింది. ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోన్ తీసి చూశాను. ఆడవాళ్ళ జాడ ఎక్కడా లేదు. కిందికి జరిపేకొద్దీ మగవాళ్ళ పొట్టలే, ఒకదాని తర్వాత ఒకటి. ఊరట కలిగిందో, ఇంకా భయం పెరిగిందో నాకే తెలియలేదు.

సంగటి మానేశాడు. రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి ముట్టలేదు. బొరుగులతో ఉగ్గాని చేసిన రోజు వంటింటి వైపు రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. ఉడికించిన గుడ్ల తెల్లసొన, ఉప్పూ కారం లేని చికెన్, పెసల మొలకలు, అంతే. పచ్చసొనలన్నీ వీధి కుక్కకు పోయేవి, అది మాత్రం బాగా ఒళ్ళు చేసింది. ఒకటి ఒప్పుకోవాలి, మనిషి కష్టపడ్డాడు. భుజాలు తేలాయి, దవడలు కనపడ్డాయి, ముఖం పీక్కుపోయింది. పొట్ట మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉంది. నెలలు గడిచినా బెల్టుకు కొత్త రంధ్రం అవసరం పడలేదు. పొట్ట మీది కొవ్వు పోవాలంటే నోరు కట్టుకోవాలి, నీకు తెలియకుండా ఎక్కడో నూనె పోతోంది, ఇంట్లో చూసుకో అని జిమ్ము మాస్టరు చెప్పాడట. ఇంకేముంది, ఆ రోజు నుంచి మా ఆయన ఇంట్లో చూసుకోవడం మొదలుపెట్టాడు.

పెట్టిన ప్రతిదీ వాసన చూసేవాడు. ముక్కను వేళ్ళతో నలిపి, వేళ్ళు జిడ్డుగా ఉన్నాయేమోనని వెలుతురులో చూసుకునేవాడు. నేను పోపు పెట్టే గరిటెతోనే ఆయన కూర కలుపుతున్నానా అని అడిగాడు. లేదంటే నమ్మలేదు. ఇటు ఈయన ఇలా ఉంటే, అటు మా అత్తకు ఇంకో అనుమానం పుట్టింది. మగవాణ్ణి గుప్పిట్లో పెట్టుకోవడానికి తిండిలో మందు కలిపి పెడతారనీ, అది కడుపులో అతుక్కుపోయి మనిషిని ఎండబెడుతుందనీ మా వైపు ఒక నమ్మకం. కొడుకు ముఖం ఎండిపోతోంది, కడుపేమో గట్టిగా ఉంది, ఇంకేం కావాలి? గోడ పక్కన నిలబడి పొరుగావిడతో గుసగుసలాడటం నేను విన్నాను. కొడుకేమో నూనె పోస్తున్నానంటాడు, తల్లేమో మందు పెట్టానంటుంది. ఆ ఇద్దరి మధ్య నేను మంచినీళ్ళు ఇచ్చినా గ్లాసు అడుగు చూసి తాగేవాళ్ళు.

చివరికి ఒక కరెంటు పొయ్యి కొనుక్కొచ్చి వసారాలో పెట్టాడు. తన తిండి తనే ఉడికించుకుంటానన్నాడు. చెప్పడానికి చిన్న మాటే. కానీ ఒక ఇంట్లో రెండో పొయ్యి వెలిగిందంటే మా దగ్గర వేరుపడినట్టే లెక్క. అన్నదమ్ములు విడిపోయినా, కోడలు అత్తతో తెగతెంపులు చేసుకున్నా లోకానికి మొదట కనపడేది ఆ పొయ్యే. వీధిలో వాళ్ళు దారిలో ఆపి, ఏమమ్మా, అంతా బాగుండారా అని ఒక రకంగా అడగసాగారు. నాకు ఏడుపు వచ్చింది. చేతివంట నమ్మని మగవాడు మాట మాత్రం ఎన్నాళ్ళు నమ్ముతాడు? ఆ రెండో పొయ్యి ఆరకపోతే ఈ ఇంట్లో నేనేమైపోతానోనని నిజంగా భయపడ్డాను.

కాయ మార్కెట్టుకు వచ్చే రోజుల్లో ఒక పొద్దున ఆయన గుడ్ల బాక్సు మరిచిపోయి పోయాడు. దాన్ని తీసుకుని మండీకి వెళ్ళాను. ఆయన బేరంలో ఉన్నాడు, నన్ను చూడలేదు. నేను మూటల పక్కన నిలబడి చూశాను. ఒక సంచిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి గుప్పెడు కాయ తీశాడు. చెవి దగ్గర ఆడించాడు, వొలిచాడు, గింజలు నోట్లో వేసుకున్నాడు. నములుతూ ధర చెప్పాడు. రైతు కుదరదన్నాడు. ఇంకో గుప్పెడు. తర్వాత పక్క సంచి, ఆ తర్వాత ఇంకో బండి. పెద్ద కాయ, చిన్న కాయ, పచ్చిది, ఎండినది. నోరు ఆగితే ఒట్టు. కాళ్ళ దగ్గర పొట్టు కుప్ప పడింది.

నేను అరవలేదు. బాక్సు గల్లాపెట్టె మీద పెట్టాను. ఆయన అటు తిరిగినప్పుడు ఆ పొట్టంతా ఎత్తి సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశాను.

మధ్యాహ్నం ఆయన వసారాలో పొయ్యి ముందు కూర్చుని చికెన్ ఉడికించుకుంటుంటే, ఆ పొట్టు తెచ్చి ప్లేటు పక్కన కుమ్మరించాను. అత్త కూడా చూస్తోంది.

“ఈ గింజలు ఎవరు తిన్యారప్పా?” అన్నాను.

ఆయన పొట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. “అది తినడం యాడయితాదే?” అన్నాడు. “సరుకు చూడటం అది.”

అబద్ధం చెప్పడం లేదని ముఖం చూస్తేనే తెలిసింది. చిన్నప్పటి నుంచి నములుతూనే ఉన్నాడు. ఆయన తండ్రి కూడా నమిలాడు. ఈ ఊళ్ళో శనక్కాయను తిండి కింద ఎవరూ జమకట్టరు. నేను డబ్బా తెచ్చి గీత చూపించి, ఇందులో నూనె యాడినుంచి వస్తాదో అదే పొద్దంతా నీ నోట్లోకి పోతాండాది అన్నాను. ఆయన పొయ్యి ఆపేశాడు. మా అత్త మాత్రం పొట్టును ఒకసారి చేత్తో కెలికి చూసి లోపలికి పోయింది.

మర్నాటి నుంచి నమిలి ఉమ్మేయడం మొదలుపెట్టాడు. అది ఎక్కువ రోజులు సాగలేదు. ఒక ముసలి రైతు, ఎండిన పొలం నుంచి ఎలాగో నాలుగు మూటలు దక్కించుకున్నవాడు, ఆయన ఉమ్మడం చూసి మూటలకు తిరిగి తాడు కట్టుకున్నాడట. “నా కాయ అంత చేదుగుండాదా, ఉమ్ముతాండావు?” అని అడిగాడట. ఆ మాట నాకు చెప్తున్నప్పుడు మా ఆయన తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. గడపలో వచ్చి నిలబడ్డాడు. అరచేతిలో వొలిచిన గింజలున్నాయి. ఏమిటని చూశాను.

“నమిలి చెప్పు” అన్నాడు.

నేను కుందుర్పి దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. మా నాయన విత్తనానికి దాచిన కాయ వొలుస్తూ పెరిగినదాన్ని. అది ఆయనకూ తెలుసు, ఇన్నేళ్ళూ గుర్తు రాలేదంతే. చెయ్యి తుడుచుకుని గింజలు నోట్లో వేసుకున్నాను. ఎందుకు నా చేతికి ఇస్తున్నాడో, ఇది ఇంకో పరీక్షేమోనని కూడా అనిపించింది. నిదానంగా నమిలాను. మొదట తీపి, మింగేటప్పుడు చిన్నగా ముక్కిన వాసన.

“పెరికినాక వానకు తడిసిన కాయ ఇది. పైన ఎండింది, లోపల చెడతాండాది” అన్నాను.

తిరిగి అడగలేదు. అక్కడే నిలబడి ఫోన్ తీసి, ఆ లోడు వద్దని చెప్పేశాడు. నా మాట మీద ఒక లారీ వెనక్కి తిరిగిపోయింది.

ఇప్పుడు కాయ సీజన్లో మండీలో ఆయన పక్కన నేనూ కూర్చుంటాను. ఆయన చెయ్యి దూర్చి తీస్తాడు, నేను నములుతాను. ఆయన పొట్ట మీద పైవరసలో రెండు పలకలు తేలాయి. ట్యూబు లైటు కింద ఊపిరి బిగబట్టి చూపించాడు. అవి నిజమా కాదా అని వేలితో నొక్కి చూశాను, గట్టిగానే ఉన్నాయి. నా జాకెట్లకు మాత్రం కుట్లు విప్పించుకోవలసి వచ్చింది. ఆయన తిండి మళ్ళీ నా పొయ్యి మీదే ఉడుకుతోంది, కరెంటు పొయ్యి మీద మా అత్త నీళ్ళు కాచుకుంటోంది.

మొన్న కొత్త నూనె డబ్బా తెచ్చి వంటింట్లో పెట్టాడు. ఆయన బయటికి పోయాక కిటికీ వెలుతురుకు పట్టి నాలుగు వైపులా తిప్పి చూశాను. ఎక్కడా గీత లేదు. నమ్మకం కుదరక ఇంకోసారి తిప్పి చూశాను.