రాయి లేచి నిలబడితే

కార్తీకమాసం రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా కిటికీ దగ్గరి రాయి పైకి లేచింది. లేచి అలాగే ఉండిపోయింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

రాయి సంగతి చెప్పాలి. మా వదిన తుంటి విరిగి మంచం మీద ఉంది. కొడుకూ కోడలూ గమ్హరియా ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీకి పోతే, ఆవిడని బాత్‌రూంకి తీసుకెళ్ళాల్సింది సందుకి ఇవతలున్న నేనే. డైపరు పేరెత్తితే చంపేస్తుంది. మరి పిలిస్తే నాకు తెలియాలి కదా. బాగ్‌బేరాలో మా ఇళ్ళ వెనకే రైలు యార్డు. కంచం కొడితే వ్యాగన్లు గుద్దుకునే చప్పుడులో కలిసిపోయింది. గంట కొడితే కుల్ఫీవాడనుకున్నాను. ఫోను వణికేలా పెట్టుకోమన్నాడు మా అబ్బాయి. ఇంజను కదిలితే మా మంచమే వణుకుతుంది, ఇక ఫోనెంత.

అందుకని తాడు కట్టాను. ఒక కొస వదిన మంచానికి, చేతికందేలా. రెండో కొస సందు మీదుగా వచ్చి, మా కిటికీ చువ్వ మీంచి దిగి, రాయికి. తాడు మీద కాకి వాలితే రాయి ఎగిరి పడుతుంది. రైలు కదిలితే వణుకుతుంది.

"లాగి ఒగ్గీకు వదినా, పట్టుకునే ఉండు," అన్నాను. "కాకికి అంత ఓపికుండదు."

బాగానే నడిచింది, ఆ ఆదివారం దాకా.

సందులోకి వచ్చి చూస్తే తాడు మీద తడి దుప్పటి. పొరుగింటి బిహారీ ఆవిడ దానికి క్లిప్పులు పెడుతోంది.

"రస్సీ ఖాలీ థీ, మౌసీ."

తాడు ఖాళీగా కనిపిస్తే ఆ మనిషికి చెయ్యి ఆగదు. బట్టలు ఆరేయవద్దని తాడుకి అట్టముక్క కట్టాను కూడా, అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలతో. ఆవిడకి తెలుగు రాదు. ముగ్గనుకుందట.

లోపల వదిన తాడు కొస రెండు చేతులా పట్టుకుని ఉంది.

"ఎప్పట్నుంచి లాగుతన్నానో తెలుసా? కదల్దేటి ఇది?"

"దుప్పటి బరువుకి బిగిసిపోయింది. ఆ దుప్పటి లాగితేనే వచ్చాను."

"దుప్పటి పిలిత్తే వత్తావు, నాను పిలిత్తే రావు. మాటలాపి లేపు."

లేపాను. మధ్యలో నాకు నవ్వొచ్చింది.

"నవ్వీకు వదినా," అంది తనూ నన్ను. "నాకూ వత్తాది. వత్తే ఇక్కడే అయిపోద్ది."

ఇద్దరం పళ్ళు బిగించుకుని నడిచాం. వేళకే చేరాం. చీర తడవలేదు. లోపల్నుంచే కేకేసింది: "దుప్పటి తీసీమను. సాయంత్రం మళ్ళీ పనుంది."

ఆ రోజు అక్కడ ఉన్నది మా వదిన, నేను, గుమ్మంలో క్లిప్పులు పట్టుకుని నిలబడ్డ పొరుగావిడ. మగవాళ్ళెవరూ లేరు, అదొకటి మేలు.